మాత్ర 1912లో, చట్టం 1999లో: ఫిట్స్ మందుల కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. బస్టాండ్‌లోనో క్లాస్‌రూమ్‌లోనో ఎవరికైనా ఫిట్స్ వచ్చి పడిపోతే చుట్టూ చేరినవాళ్లు ఏం చేస్తారు? చేతిలో తాళాల గుత్తి పెడతారు. తాళాలు దొరక్కపోతే ఏదో ఒక ఇనప ముక్క. ఇంకొకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు. కొన్నిచోట్ల చెప్పు వాసన కూడా చూపిస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో ఆ మనిషి కొట్టుకోవడం ఆగిపోతుంది. "చూశావా, ఇనుము తగలగానే ఎలా తగ్గిందో" అంటారు.

అక్కడున్న పదిమందీ కళ్లారా చూశారు. తాళాలు పెట్టారు, తగ్గింది. మరి అది తాళాల వల్ల కాదని వాళ్లకి ఎలా చెప్తారు?

అసలు సంగతి ఏంటంటే, ఫిట్స్ చాలావరకు దానంతట అదే ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. తాళాలు పెట్టినా ఆగుతుంది, పెట్టకపోయినా ఆగుతుంది. తర్వాత నెలరోజులు రాకపోవచ్చు, రేపే రావచ్చు. ఇలా వచ్చిపోయే జబ్బుకి ఏం చేసినా పని చేసినట్టే కనిపిస్తుంది. తాయెత్తు కట్టాక రెండు నెలలు రాలేదనుకోండి, తాయెత్తుకి పేరొస్తుంది. మూడో నెల వస్తే నియమం తప్పారంటారు. మనిషి వేల ఏళ్ల పాటు ఈ జబ్బుకి సరైన మందు కనుక్కోలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం అని నా అభిప్రాయం.

(మధ్యలో ఒక మాట, మర్చిపోకముందే. ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా. ఫోన్‌లో టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి కాల్ చేయండి. సరే, కథలోకి వెళ్దాం.)

మన పాత వైద్యులకి ఈ జబ్బు బాగా తెలుసు. చరకసంహితలో దీని పేరు అపస్మారం. స్మృతి పోవడం అని అర్థం. మనిషి పడిపోవడం, నోట్లోంచి నురగ రావడం, తర్వాత నిద్ర లేచినట్టు లేవడం, ఇవన్నీ రాశారు. అంటే దానంతట అదే ఆగుతుందన్న విషయం కూడా గమనించారన్నమాట. స్క్రీన్ మీద నటరాజ విగ్రహం చూడండి. కాలి కింద నలిగిపోతున్న మరుగుజ్జు ఉన్నాడు కదా, అతని పేరు అపస్మారుడు. అక్కడ అతను అజ్ఞానానికి గుర్తు. జబ్బుకీ అజ్ఞానానికీ ఒకే పేరు పడింది, ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

గ్రీకులు దీన్ని పవిత్రమైన జబ్బు అనేవాళ్లు, దేవతలు పంపిస్తారని. క్రీ.పూ. 400 ప్రాంతంలో హిపోక్రటిస్ సంప్రదాయానికి చెందిన ఒక వైద్యుడు ఒక పుస్తకమే రాశాడు: ఇందులో మిగతా జబ్బుల్లో లేని దైవత్వం ఏమీ లేదు, దీని మూలం మెదడులో ఉంది అని. అంతటితో ఆగలేదు. మేకలకి కూడా ఈ జబ్బు వస్తుంది, చచ్చిన మేక తల కోసి మెదడు చూడండి, అక్కడ కనిపించేది జబ్బే, దేవుడు కాదు అన్నాడు. రెండున్నర వేల ఏళ్ల క్రితం! కానీ కారణం ఎక్కడుందో తెలిస్తే మందు దొరికినట్టు కాదు కదా. ఆ తర్వాత రెండువేల ఏళ్లకు పైగా పని చేసే మందు ఒక్కటీ రాలేదు.

మొదటి మందు దొరికిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

1857 మే 11, లండన్. రాయల్ మెడికల్ అండ్ కైరర్జికల్ సొసైటీ మీటింగ్. ఎడ్వర్డ్ సీవ్‌కింగ్ అనే డాక్టర్ మూర్ఛ రోగుల మీద ఒక పేపర్ చదివాడు. అధ్యక్షస్థానంలో ఉన్నది సర్ చార్ల్స్ లోకాక్. ఆయన విక్టోరియా మహారాణికి కాన్పులు చేసిన డాక్టర్. చర్చలో లోకాక్ లేచి, నెలసరి సమయంలో ఫిట్స్ వచ్చే కొందరు ఆడవాళ్లకి నేను పొటాషియం బ్రోమైడ్ ఇచ్చాను, 14, 15 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ తగ్గింది అన్నాడు.

బ్రోమైడే ఎందుకిచ్చాడు? ఆ రోజుల్లో డాక్టర్లలో చాలామంది ఫిట్స్‌కి కారణం లైంగిక కోరికలు, హస్తప్రయోగం అనుకునేవాళ్లు. బ్రోమైడ్ తీసుకుంటే కొంతకాలం మగతనం తగ్గుతుందని లోకాక్ ఒక జర్మన్ రిపోర్టులో చదివాడు. కోరిక వల్ల ఫిట్స్, బ్రోమైడ్‌తో కోరిక తగ్గుతుంది, కాబట్టి బ్రోమైడ్‌తో ఫిట్స్ తగ్గాలి. ఇదీ లెక్క. మొదటి మెట్టే తప్పు. కానీ మందు మాత్రం నిజంగా పని చేసింది! బ్రోమైడ్ మెదడు కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది, కోరికతో సంబంధం లేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లు బ్రోమైడే దిక్కు. లండన్ క్వీన్ స్క్వేర్‌లో నరాల జబ్బుల హాస్పిటల్ ఒకటుంది, అక్కడ ఏడాదికి టన్నుల లెక్కన వాడేవాళ్లు. ఫిట్స్ తగ్గేవి, కానీ మనిషి మొద్దుబారిపోయేవాడు. ఒళ్లంతా మొటిమల్లాంటి పొక్కులు, నోటి దుర్వాసన, మత్తు. మోతాదు ఎక్కువైతే మతిభ్రమణం కూడా. మూర్ఛ ఉన్నవాళ్లు మందబుద్ధులు అనే నమ్మకం ఆ రోజుల్లో అంత గట్టిగా ఉండడానికి జబ్బు ఎంత కారణమో, బ్రోమైడ్ మత్తు కూడా అంత కారణమై ఉంటుందని నాకనిపిస్తుంది.

రెండో మందు కథ జర్మనీలో. 1912. ఫ్రైబుర్గ్ మానసిక వైద్యశాలలో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మాన్ అని ఒక కుర్ర డాక్టర్. ఆయన గది రోగుల వార్డు పైనే ఉండేదట. రాత్రిళ్లు ఫిట్స్ వచ్చి రోగులు మంచాల మీంచి కింద పడుతుంటే ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదట. అప్పుడే బేయర్ కంపెనీ ల్యూమినల్ అని కొత్త నిద్రమందు తెచ్చింది. అది వాళ్లకిస్తే వాళ్లూ పడుకుంటారు, నేనూ పడుకుంటాను అనుకున్నాడని చెప్తారు. ఈ కథలో కాస్త మసాలా ఉండొచ్చు. కానీ తర్వాత ఆయన చేసిన పని మాత్రం అసలైనది. రాత్రి ఇచ్చిన మందుతో పగటి ఫిట్స్ కూడా తగ్గాయని గమనించాడు. ఎవరికి ఎన్నిసార్లు వస్తోంది, మందుకి ముందు ఎంత, తర్వాత ఎంత అని చూసి అదే ఏడాది పేపర్ వేశాడు.

ఆ మందే ఫినోబార్బిటోన్. మన మెడికల్ షాపుల్లో గార్డినాల్ అంటే గుర్తుపడతారు. వందేళ్లు దాటినా ఇప్పటికీ వాడుతున్నారు, ప్రపంచంలో అతి చవకైన ఫిట్స్ మందుల్లో ఇదొకటి.

హాప్ట్‌మాన్‌కి తర్వాత ఏమైందో చెప్పకుండా ముందుకెళ్లలేను. 1933 జూలైలో నాజీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వంశపారంపర్య జబ్బులున్నవాళ్లకి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చేయొచ్చని. ఆ జబ్బుల లిస్టులో మూర్ఛ కూడా ఉంది. అన్ని జబ్బులూ కలిపి మూడున్నర నుంచి నాలుగు లక్షల మందికి ఆ ఆపరేషన్లు జరిగాయని చరిత్రకారుల అంచనా. హాప్ట్‌మాన్ యూదు కుటుంబం నుంచి వచ్చినవాడు. అప్పటికి హాలె యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1935లో ఆ ఉద్యోగం తీసేశారు. 1938 నవంబర్‌లో డఖావ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడ్డాక దేశం వదిలి అమెరికా చేరుకున్నాడు. ఎక్కడికి? బోస్టన్‌కి.

కథలో తర్వాతి మలుపు కూడా అదే ఊళ్లో, అదే 1938లో.

అప్పటికి డాక్టర్లలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది: ఫిట్స్ ఆగాలంటే మనిషికి మత్తు రావాలి. బ్రోమైడ్ మత్తు, ల్యూమినల్ మత్తు. మత్తు లేని మందు పని చేయదు. బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో ట్రేసీ పట్నమ్, హ్యూస్టన్ మెరిట్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూద్దాం అనుకున్నారు. అదే హాస్పిటల్‌లో 1935లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనే ముగ్గురు ఈఈజీ పెట్టి, ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో కరెంటు తరంగాలు ఎలా మారతాయో కాగితం మీద చూపించారు. చిన్నపిల్లలు కాసేపు అలా శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారే, ఆ రకం ఫిట్స్‌లో సెకనుకి 3 సార్లు ఒకే ఆకారం తరంగం వస్తుంది. అంటే ఈ జబ్బు ఇప్పుడు కంటికి కనిపిస్తోంది, కొలవొచ్చు.

పట్నమ్, మెరిట్ చేసింది ఇదీ. పిల్లి తలకి కరెంటు పెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ వెళ్తే, ఒక దశలో దానికి ఫిట్స్ వస్తుంది. ఆ కరెంటు ఎంతో రాసుకోవాలి. తర్వాత మందు ఇచ్చి మళ్లీ అదే చేయాలి. ఈసారి ఫిట్స్ రావడానికి ఎక్కువ కరెంటు కావాల్సొస్తే మందు కాపాడుతోందన్నమాట. పిల్లుల విషయం వింటే బాధగానే ఉంటుంది, నాకూ అంతే. కానీ తాళాల గుత్తితో పోల్చి చూడండి. తగ్గింది, తగ్గలేదు అనే మాటలకి బదులు ఇక్కడ ఒక అంకె ఉంది. దానంతట అదే ఆగిందేమో అనే అనుమానానికి చోటే లేదు, ఎందుకంటే ఫిట్స్ తెప్పించేది వీళ్లే.

పట్నమ్ మందుల కంపెనీలకి ఉత్తరాలు రాశాడు, మీ దగ్గర పక్కన పడేసిన రసాయనాలుంటే పంపండి అని. పార్క్-డేవిస్ కంపెనీ కొన్ని పంపింది. అందులో ఒకటి జర్మనీలో హైన్రిక్ బిల్ట్స్ 1908లోనే తయారు చేసినది. నిద్ర రావడం లేదు కాబట్టి ఎందుకూ పనికిరాదని అల్మరాలో పెట్టేశారు. అదే పిల్లుల్లో అన్నిటికంటే బాగా పని చేసింది. పిల్లి మామూలుగా తిరుగుతోంది, ఫిట్స్ మాత్రం తేలిగ్గా రావడం లేదు. 1938లో రోగుల మీద ఫలితాలు అచ్చయ్యాయి, అదే ఏడాది మందు మార్కెట్లోకి వచ్చేసింది.

అదే ఫెనిటాయిన్. మన దగ్గర ఎప్టాయిన్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. దీంతో చిగుళ్లు వాయడం లాంటి ఇబ్బందులు ఉన్నాయి, నడక తూలొచ్చు. కానీ మత్తులో జోగకుండా చదువుకోవచ్చు, పనికి వెళ్లొచ్చు. మూర్ఛ ఉన్న మనిషి మందు వేసుకుని మామూలుగా బతకొచ్చు అని చూపించిన మందు ఇది. జంతువుల మీద పద్ధతి ప్రకారం వెతికి పట్టుకున్న మొదటి ఫిట్స్ మందు కూడా ఇదే.

ఇక అన్నీ పద్ధతి ప్రకారమే దొరికాయనుకుంటున్నారా? లేదు. 1962లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పియర్ ఎమార్ అనే రీసెర్చ్ స్టూడెంట్ కొత్త రసాయనాలు తయారు చేస్తున్నాడు. అవి నీళ్లలో కరగడం లేదు. ల్యాబ్‌లో ఉన్న వాల్‌ప్రోయిక్ ఆసిడ్ అనే ద్రవంలో కరిగించాడు. 1882 నుంచీ ఉన్న ద్రవమే అది, దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. జంతువులకి ఇచ్చి చూస్తే ఫిట్స్ రావడం లేదు. సూపర్! ఇంకో రసాయనం కరిగించి ఇచ్చారు, అదీ పని చేసింది. వేరేది, అదీ పని చేసింది. అన్నీ పని చేస్తున్నాయంటేనే ఎక్కడో తేడా కొట్టాలి. చివరికి ఏమీ కలపకుండా ఆ ద్రవం ఒక్కటే ఇచ్చి చూశారు. అసలు మందు అదే! ఈ రోజు సోడియం వాల్‌ప్రోయేట్ పేరుతో కోట్లమంది వాడారు. ఏదీ కలపకుండా ఒకసారి ఇచ్చి చూడాలి అన్న ఆ చిన్న ఆలోచన, తాళాలు పెట్టకుండా కూడా ఒకసారి చూద్దాం అనడం లాంటిదే.

సో, 1962 నాటికి మూడు మంచి మందులున్నాయి. మరి లోకం మారిందా?

బ్రిటన్‌లో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డొచ్చే చట్టం 1970 దాకా ఉంది. అమెరికాలో రెస్టారెంట్‌లోకో థియేటర్‌లోకో ఫిట్స్ వచ్చేవాళ్లని రానివ్వకపోయినా 1970ల దాకా చట్టప్రకారం తప్పు కాదు. మన సంగతి వింటే ఇంకా ఆశ్చర్యపోతారు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు అందులో మూర్ఛ అనే మాట లేదు. 1976లో సవరణ చేసి చేర్చారు! పిచ్చి గానీ మూర్ఛ గానీ పదేపదే వచ్చేవాళ్లు పెళ్లికి అర్హులు కారని. అలాంటి పెళ్లిని కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవచ్చు. పిచ్చి, మూర్ఛ, రెండూ ఒకే వాక్యంలో. నటరాజ కాలి కింద మరుగుజ్జు గుర్తున్నాడా?

అంటే ఫినోబార్బిటోన్ వచ్చిన 64 ఏళ్లకి, ఫెనిటాయిన్ వచ్చిన 38 ఏళ్లకి, మన పార్లమెంట్ ఆ మాట కొత్తగా రాసింది. ఆ మాట తీసేయడానికి నరాల డాక్టర్లు, మూర్ఛ రోగుల సంఘాలు ఏళ్ల తరబడి అడగాల్సొచ్చింది. 1999లో తీసేశారు. ఈ వీడియో చూస్తున్నవాళ్లలో కొందరు అప్పటికే పుట్టి ఉంటారు.

చట్టంలోంచి పోయింది కానీ పెళ్లిచూపుల్లోంచి పోలేదు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. హైదరాబాద్‌లో జాబ్ చేస్తుంది. ఇంటర్ హాస్టల్ రోజుల నుంచీ ఫిట్స్ మాత్రల్ని బి-కాంప్లెక్స్ సీసాలో పోసుకుని తిరిగేది. అమ్మే అలా చేయమంది, ఎవరైనా బ్యాగ్ తెరిస్తే స్ట్రిప్ మీద పేరు చదువుతారని. ఒకసారి సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు రాత్రి ఇంట్లోనే ఉండిపోయారు. గది నిండా చుట్టాలు. అమ్మాయి ఆ పూట మాత్ర వేసుకోలేదు, సరిగా నిద్రా లేదు. తెల్లారి కాఫీ ఇస్తుండగా పడిపోయింది. మందు మానేయడం, నిద్ర లేకపోవడం, ఫిట్స్ రావడానికి ఈ రెండూ చాలు. రెండేళ్లుగా రాని ఫిట్స్ ఆ రోజు వచ్చింది. సంబంధం పోయింది, దాని గురించి ఆ అమ్మాయి పెద్దగా బాధపడలేదు. "అక్కా, రెండేళ్ల లెక్క పోయింది, మళ్లీ ఒకటి నుంచి మొదలు" అంది నాతో.

దాచిపెట్టడం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇందాక చెప్పిన వాల్‌ప్రోయేట్ మంచి మందే, కానీ గర్భంతో ఉన్నప్పుడు వేసుకుంటే బిడ్డకి హాని చేయగలదు. 1982లో ఫ్రాన్స్‌లోనే డాక్టర్లు దీన్ని గుర్తించారు, వెన్నెముక సరిగ్గా మూసుకోకుండా పుట్టిన పిల్లల్ని చూసి. ఇప్పుడు తెలిసిన లెక్క ప్రకారం ఆ మందు వాడిన తల్లుల పిల్లల్లో 100కి సుమారు 10 మందికి పుట్టుకతో లోపాలు రావచ్చు, 30 నుంచి 40 మందికి మాటలు, చదువు విషయంలో ఇబ్బంది రావచ్చు. 2018 నుంచి యూరప్‌లో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి ఇది ఇవ్వడం మీద గట్టి ఆంక్షలున్నాయి. గర్భం రాకముందే వేరే మందుకి మారొచ్చు. కానీ మారాలంటే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. మొగుడికీ అత్తగారికీ తెలియకుండా మాత్ర మింగే అమ్మాయి ప్రెగ్నెన్సీకి ఆర్నెల్ల ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి ఎలా వెళ్తుంది చెప్పండి? అలాగని ఇది విని ఎవరూ మాత్ర సడెన్‌గా ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. మార్చడం, తగ్గించడం డాక్టర్ చేతిలోనే జరగాలి. ఇంకోటి, అందరూ భయపడేది: తల్లికో తండ్రికో ఫిట్స్ ఉన్నా, పుట్టే పిల్లల్లో ఎక్కువమందికి రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మూర్ఛ ఉన్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 5 కోట్లు. సరైన మందు సరిగ్గా పడితే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి ఆ మందు అందడం లేదు. ఖరీదు వల్లా? ఏడాదికి 5 డాలర్లకే వైద్యం చేయొచ్చని అదే సంస్థ చెప్తోంది.

మందు ఊరి దాకా వెళ్తే ఏమవుతుందో మన పక్క రాష్ట్రంలోనే చూశారు. కర్ణాటకలో, ఇప్పటి చామరాజనగర జిల్లాలో యళందూరు అని ఒక చోటు. బెంగళూరు న్యూరాలజిస్ట్ కె.ఎస్. మణి, ఆయన టీమ్ అక్కడ ఇంటింటికీ తిరిగి మూర్ఛ ఉన్నవాళ్లని గుర్తించారు. స్కానింగ్‌లు, ఖరీదైన మందులు ఏమీ లేవు. ఇవాళ మనం చెప్పుకున్న ఆ రెండు పాత మాత్రలే, ఫినోబార్బిటోన్ లేదా ఫెనిటాయిన్. ఇచ్చి వదిలేయకుండా ఏళ్ల తరబడి వెంటపడి చూశారు. ఫలితాలు 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సగానికి పైగా రోగులకి ఫిట్స్ ఆగిపోయాయి. హాప్ట్‌మాన్ నిద్ర చాలక వెతుక్కున్న 1912 నాటి మాత్ర అక్కడ పని చేసింది.

ఇవాళ్టికి ఇంతే. ఫిట్స్ ఆపడానికి 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అతనికి మెదడు ఆపరేషన్ చేశారు. ఫిట్స్ తగ్గాయి కానీ ఆ రోజు నుంచి అతనికి కొత్త జ్ఞాపకం ఒక్కటీ నిలవలేదు. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో.